కనుమరుగయ్యే దూరం

మెర్ల్ టాస్కర్ కిందికి వాల్చిన బండి వెనక తలుపు మీద కూర్చుని, ఛాతీదాకా వచ్చే రబ్బరు తొడుగులోకి కాళ్ళు దూర్చి, పట్టీలు భుజాల మీదికి లాక్కుంది. మోకాళ్ళు కటకటమన్నాయి. పక్కన మాతియు కీపా అప్పటికే సిద్ధమై, పరీక్షకు నీళ్ళు పట్టే సీసాల మంచుపెట్టెను గట్టున పెట్టి, ఆమె బూట్ల అడుగున నాచు అంటుకుని ఉందేమోనని వంగి చూస్తున్నాడు. ఒక నది నాచు ఇంకో నదిలో పడకూడదు. నదుల బాగోగులు చూసే ప్రాంతీయ మండలి ఉద్యోగులకు ఈ శుభ్రం ఒక మడి లాంటిది.

"బాగానే ఉంది. దిగండి మేడమ్."

"చివరి రోజైనా పేరుపెట్టి పిలువు."

"చివరి రోజున కొత్త అలవాట్లెందుకూ?"

సాయంత్రం ఓడలో అతను సముద్రపాయ దాటి ఉత్తర దీవిలోని సొంతూరికి వెళ్ళిపోతున్నాడు. వాళ్ళ వంశంవాళ్ళ సభాగృహాన్ని చూసుకునే అక్కకు చూపు మందగించింది. తమ్ముడు రావాలని పెద్దలన్నారు, ఇతను సరేనన్నాడు. ఆ కబురు విన్నప్పటి నుంచి మెర్ల్‌కు ఒకటే ఆలోచన. ఓడ కదిలేలోగా అతన్ని ఉండిపొమ్మని అడగాలి. పొద్దున పళ్ళు తోముకుంటూ అద్దంలో చూసి ఆ ఒక్క వాక్యమూ చెప్పుకుంది కూడా. అద్దం ముందు ఎవరైనా ధైర్యవంతులే.

మండలిలో ఆమె చెయ్యని పని లేదు. తీరాన ఇసుక ఎంత కోసుకుపోయిందో కొలిచింది. చలికాలం పొయ్యిగొట్టాల పొగను లెక్కగట్టింది. పచ్చిక బయళ్ళలో మట్టి తవ్వి సంచుల్లో నింపింది. చివరికి నదుల దగ్గర స్థిరపడింది. పేడనీళ్ళు నదిలో వదిలితే పట్టుకుంటారని పాడిరైతుల దృష్టిలో మండలివాళ్ళు గూఢచారులు, ఎవర్నీ పట్టుకోరని పట్నంవాళ్ళ దృష్టిలో నిద్రమొహాలు. మెర్ల్ ఇద్దరికీ చెయ్యి ఊపుతుంది. తల్లి పోయేదాకా తల్లిని చూసుకుంది, పెళ్ళి ఊసు ఎత్తేవాళ్ళు లేకపోయారు, తనూ ఎత్తలేదు.

మాతియు పనిలో ఆమెకు జోడీగా వచ్చేనాటికే పెళ్ళయినవాడు. భార్య నైరి అల్లం కేకు చేసినప్పుడల్లా మెర్ల్‌కు ఒక ముక్క కట్టి పంపేది. ఆ కేకు తింటూ ఆవిడ మొగుడిమీద మనసు పడటం ఎంత సిగ్గుచేటు! మెర్ల్ సిగ్గుపడుతూనే తింది, మనసు పడుతూనే ఉంది. నైరి పోయినప్పుడు, అంత్యక్రియలకొచ్చిన బంధువులందరితోపాటు వంటశాలలో నిలబడి గుట్టలకొద్దీ పళ్ళాలు కడిగింది. ఇప్పుడే ఏం మాట్లాడతాంలే అనుకుంది. అలా అనుకుంటూ ఉండగానే ఓడ టికెట్టు దాకా వచ్చింది.

ఇద్దరూ వైతోరా నదిలోకి దిగారు. నీటి తేటదనం కొలవడానికి ఇక్కడివాళ్ళది ఒక పద్ధతి. సాసరంత నల్లబిళ్ళ ఉన్న కర్రను నీళ్ళలో ముంచి పట్టుకుని ఒకరు ఎగువన కదలకుండా నిలబడాలి. ఇంకొకరు అద్దం బిగించిన పెట్టెలోంచి నీటి అడుగున ఆ బిళ్ళనే చూస్తూ దిగువకు వెనకడుగులు వెయ్యాలి. బిళ్ళ మాయమవగానే "పోయింది" అని అరవాలి. మళ్ళీ ముందుకు నడిచి, అది కంటపడగానే "వచ్చింది" అనాలి. ఆ రెండు దూరాల నడిమి లెక్కే తేటదనం. ఇన్నేళ్ళలో మెర్ల్ అతనితో గొంతెత్తి అన్న మాటలు ఈ రెండే.

ఆమె పెట్టెలో ముఖం పెట్టి వెనక్కి నడిచింది. కర్రకు కట్టిన కొలత టేపు సాగుతోంది. కొండల్లో వాన పడిందేమో, నీరు లేతపచ్చగా కలకబారి ఉంది. నల్లబిళ్ళ మసకబారింది, పలచబడింది, లేకుండా పోయింది. మెర్ల్ నోరు విప్పలేదు. ఇంకో అడుగు వెనక్కి వేసింది.

"కనిపిస్తోందా ఇంకా?"

"కనిపిస్తోంది."

"ఈ నీళ్ళలోనా? కళ్ళజోడు మార్చారా ఏం?"

ఆమె ఇంకో అడుగు వేసింది. అక్కడ నేల లేదు. గుంటలో పడి మెడదాకా మునిగింది, చన్నీళ్ళు తొడుగులోకి జరజరా దిగాయి. మాతియు కర్ర వదిలేసి నీళ్ళు చిమ్ముకుంటూ వచ్చి చంక కింద చెయ్యివేసి లాగాడు. లాగేటప్పుడు అతనూ కూలబడ్డాడు.

"నదిని కొలవమన్నారు తల్లీ, తాగమనలేదు!"

గట్టుమీద కూర్చున్నారు. తొక్కిన నీరు మళ్ళీ తేరుకునేదాకా చెయ్యడానికేమీ లేదు. అతను ఫ్లాస్కులోంచి టీ వంచి ఆమెకిచ్చాడు.

"ఆ దూరమే రాసేద్దామా? ఊరంతా పండగ చేసుకుంటారు, నది బాగుపడిందని."

"వద్దు. అబద్ధమది. మళ్ళీ చేద్దాం."

"ఎప్పుడు మాయమైంది?"

"చాలాసేపైంది."

"మరి అరవలేదేం?"

మెర్ల్ కప్పును రెండు చేతులతో పట్టుకుంది. "ఆ మాట నోట్లోంచి రాలేదు."

మాతియు నవ్వలేదు. అవతలి గట్టున ఆవులు నీడకు చేరుతున్నాయి. అతను వాటినే చూస్తూ అన్నాడు. "నువ్వేదో అంటావని నేనూ చూశాను, మెర్ల్. చాలా రోజులు చూశాను. నా అంతట నేను అడగడానికి నోరాడలేదు. ఇప్పుడు అక్కకు మాటిచ్చేశాను. నేను వస్తున్నానని రోజూ వాకిట్లో కూర్చుంటోందట."

పేరుపెట్టి పిలిచాడు. అడిగితే ఉండిపోతాడని ఆ పిలుపులోనే ఆమెకు అర్థమైంది. అక్కకిచ్చిన మాట తప్పుతాడు, తర్వాత బతికినన్నాళ్ళూ ఆ వాకిలి గుర్తుచేసుకుంటూ ఉంటాడు. అతను కాదంటాడేమోనన్న భయంతో ఇన్నాళ్ళూ అడగని మనిషి, ఇప్పుడు ఔనంటాడని తెలిసి అడగలేకపోయింది.

"నీళ్ళు తేరాయి. పద," అంది.

ఈసారి సరిగ్గా చేసింది. బిళ్ళ మసకబారింది, పలచబడింది. గట్టిగానే అరిచింది.

"పోయింది!"

ఎగువ నుంచి అతను టేపు మీద దూరం చదివి చెప్పాడు. ఆమె ముందుకు నడిచింది. లేతపచ్చ నీటిలో నల్లటి చుక్క, దాని వెనక అతని మోకాళ్ళ నీడ. పరిగెత్తుకుంటూ వెళ్ళాలనిపించింది. కానీ కనబడినచోట ఆగిపోవడమే పద్ధతి. "వచ్చింది," అంది, ఆగిపోయింది.

మండలి ఆవరణలో ఇద్దరూ తొడుగులు కడిగి తలకిందులుగా వేలాడదీశారు. మాతియు సొంత బండి సామానుతో నిండి ఉంది. అతను దగ్గరకొచ్చి, వాళ్ళ ఆచారం ప్రకారం ఆమె నుదుటికి నుదురు, ముక్కుకు ముక్కు ఆనించి, కళ్ళు మూసుకుని ఒక ఊపిరి తీసుకున్నాడు. ఆ ఊపిరి ఇంకాస్త పొడుగ్గా ఉంటే బాగుండనుకుంది మెర్ల్.

"ఆ గుంట దగ్గర జాగ్రత్త," అన్నాడు.

"నువ్వు ఓడెక్కు ముందు."

అతని బండి మలుపు తిరిగేదాకా నిలబడి, నీళ్ళ సీసాలు దించడానికి ఆఫీసు బండి తలుపు తీసింది. ముందద్దం కింద, వేడిగాలి వచ్చే చోట, ఆరడానికి పరిచి మరిచిపోయిన అతని బూడిదరంగు ఉన్ని మేజోళ్ళు పక్కపక్కనే ఉన్నాయి, వేళ్ళ దగ్గర ఇంకా తడిగా.