తేలిగ్గా దొరికే యూనిట్

షెడ్డులో బస్సు ఇంజను ఆపేశాక కూడా వెర్నా టాలీ కిందికి దిగలేదు. పొద్దున్న పిల్లల్ని బడి దగ్గర దించేస్తే మళ్ళీ మధ్యాహ్నం రెండున్నర దాకా ఆమెకు పనుండదు. డ్రైవరు సీటు వెనక సీటు మీద మ్యాపు పరుచుకుంది. పక్కన ముప్పై రెండు పేజీల పట్టిక పెట్టుకుంది. కళ్ళజోడు పైకి తోసుకుని మళ్ళీ మొదటి వరస నుంచి చదవడం మొదలుపెట్టింది. మార్చి నెల పుట్టినప్పటి నుంచీ ఇదే తంతు.

వయోమింగ్ రాష్ట్రంలో ఎల్క్ దుప్పిని వేటాడే చోట్లన్నిటినీ ముక్కలు చేసి, ముక్కకో నంబరిచ్చి, యూనిట్ అన్నారు. కొన్ని యూనిట్లకి లాటరీలో పేరొస్తేనే లైసెన్సు. మిగతావి జనరల్, లైసెన్సు కొనుక్కుంటే ఎవరైనా వెళ్ళొచ్చు. పోతుకైతే, అంటే మగదానికి, మనిషికి ఏడాదికి ఒకటే లైసెన్సు. వినడానికి ఇంతే. కానీ యూనిట్‌కో తేదీ, తేదీకో నిబంధన, నిబంధనకో మినహాయింపు. మినహాయింపులన్నీ పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో. ఏ యూనిట్‌లో ఎంతమంది అడిగారు, ఎంతమందికి వచ్చింది, అందులో ఎంతమంది నిజంగా జంతువుని కొట్టారు అన్నవి మూడు వేరువేరు పట్టికల్లో ఉంటాయి. ఆ మూడింట్లోనూ యూనిట్లు ఒకే వరసలో ఉండవు. దీన్ని తయారుచేసినవాడు ఒక్కరోజైనా దీన్ని చదివుంటాడా అని వెర్నాకి రోజుకి నాలుగుసార్లు అనిపించేది.

వాళ్ళ నాన్న బతికున్నన్నాళ్ళూ ఈ గొడవ లేదు. టాలో రిడ్జ్ కొండ అప్పుడు జనరల్ యూనిట్. అక్టోబరు రాగానే నాన్న, వెర్నా, తమ్ముడు ఓరిన్ గుడారం వేసుకుని వారం రోజులు అక్కడే ఉండేవాళ్ళు. తొమ్మిదేళ్ళ కిందట మంద తగ్గిందని టాలో రిడ్జ్‌ని లాటరీలో కలిపేశారు. అప్పటినుంచీ అక్కాతమ్ముళ్ళిద్దరూ ఏటా పేర్లు వేశారు. ఏటా జూన్‌లో ఒకటే జవాబు, రాలేదని. పక్కవీధి దంతవైద్యుడికి రెండుసార్లు వచ్చింది. ఆయన సంగతి ఎత్తితే ఓరిన్ ముందున్న కంచం పక్కకి తోసేస్తాడు.

ఈ ఏడు అలా ఊరుకునే వీలు లేదు. వెల్డింగ్ పని చేసీ చేసీ ఓరిన్ తుంటి అరిగిపోయింది. డిసెంబరులో కీలు మారుస్తామన్నారు డాక్టర్లు. ఆ తర్వాత కొండలెక్కే మాట ఏడాది దాకా తలపెట్టొద్దన్నారు. ఏడాది తర్వాత సంగతి అడిగితే ఎవరూ గట్టిగా చెప్పలేదు.

"ఆ లోపల ఒక్కసారి వెర్నా," అన్నాడు ఓరిన్, మాంసం, చిక్కుళ్ళు వేసి వండిన చిల్లీ గిన్నెలో దాల్చినచెక్క రొట్టె ముంచుకుంటూ. "ఒక్క పోతు. నువ్వూ నేనూ. ఎక్కడైనా సరే."

ఎక్కడైనా సరే అన్నాడే గానీ, ఆమె పట్టుకొచ్చినదానికల్లా వంక పెట్టాడు.

"ఇది జనరల్. మనకి గంటన్నర దూరం," అందామె ఓ ఆదివారం, అతని వంటింటి బల్ల మీద మ్యాపు పరిచి.

"అక్కడికా? మొదటిరోజు పొద్దున్నే చెట్టుకో మనిషి ఉంటాడు. దుప్పి కనిపిస్తే ఎటు కాల్చినా ఎవడికో ఒకడికి తగుల్తుంది."

"అయితే ఇది. జనం తక్కువ."

"ఎందుకు తక్కువ? గుర్రాలు లేనిదే లోపలికి పోలేరు గనక. నాకు గుర్రం ఉందా? ఉన్నా ఈ తుంటితో ఎక్కగలనా?"

"పోనీ నువ్వే చెప్పు!"

"నాకేం తెలుసు? పట్టికలు చదివేది నువ్వు గదా డ్రైవరమ్మా."

వెర్నా మ్యాపు మడిచేసింది. పాత మడత మీద పడక అది మధ్యలో చిరిగింది. "ఒరేయ్ ఓరిన్, నీ తుంటి కన్నా నీ నోటికి ముందు ఆపరేషన్ చేయించాల్సింది," అని లేచిపోయింది.

ఏప్రిల్ చివర దొరికింది సాల్ట్ బేసిన్ యూనిట్. పోతుల లైసెన్సులు నలభై. కిందటేడు మొదటి ఎంపికగా అడిగినవాళ్ళు ముప్పై ఎనిమిది మంది. అంటే అడిగినవాడికల్లా వచ్చింది! కొండలు ఎత్తు కావు. మధ్యలో పదకొండు వేల ఎకరాల సర్కారు భూమి, మ్యాపులో పసుప్పచ్చగా మెరుస్తోంది. అక్కడిదాకా సన్నగా ఓ రోడ్డు గీత. ట్రక్కులో వెళ్ళి, దిగి, అర మైలు కుంటితే చాలు. బస్సులో ఒక్కతే కూర్చుని వెర్నా గట్టిగా చప్పట్లు కొట్టింది. పక్క బస్సు కింద నూనె మారుస్తున్న మెకానిక్ తల బయటికి పెట్టి, "ఏమైంది?" అన్నాడు. "ఏం కాలేదు, నీ పని చూసుకో," అంది.

ఇద్దరూ పేర్లు వేశారు. జూన్‌లో ఇద్దరికీ వచ్చింది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి తెరమీద 'వచ్చింది' అన్న మాట చూసి ఓరిన్ ఫోన్‌లో అరిచిన అరుపుకి ఆమె చెవి గింగురుమంది.

ఆగస్టులో చోటు చూసొద్దామని వెళ్ళారు. డెబ్బై మైళ్ళు తారు రోడ్డు, ఇరవై మైళ్ళు కంకర రోడ్డు. ఆ తర్వాత ఇనప గేటు. గేటుకి గొలుసు, గొలుసుకి తాళాలు ఐదు. ఎండికాట్ రాంచ్, లోపలికి రావద్దు అని బోర్డు. గేటు అవతల మ్యాపులోని రోడ్డు నిక్షేపంగా ఉంది. దూరంగా వాళ్ళ పసుప్పచ్చ కొండలూ కనిపిస్తున్నాయి. ఉత్తరం నుంచి చుట్టి వెళ్ళారు, అక్కడా గేటే. పడమర నుంచి వెళ్తే అసలు రోడ్డే లేదు, ముళ్ళకంచె మాత్రం ఉంది. సాయంత్రమయ్యేసరికి అర్థమైంది. సర్కారు భూమి చుట్టూ నాలుగు వైపులా రాంచులే, సొంతదార్ల పశువుల కమతాలు. భూమి అందరిదీ, దారి మాత్రం రాంచులది.

ఓరిన్ ట్రక్కు దిగలేదు. "నీ పట్టికలో తాళాల వరస లేదా?" అన్నాడు.

వెర్నా మ్యాపు మడిచి సీటు కింద పడేసింది.

సోమవారం పొద్దున్నే బస్సులోంచి వేటశాఖకి ఫోన్ చేసింది. నలభై నిమిషాలు ఫోన్‌లో సంగీతం వినిపించాక మస్‌గ్రేవ్ అనే జీవశాస్త్రవేత్త దొరికాడు. గొంతు వింటే కుర్రాడిలా ఉన్నాడు, మర్యాదస్తుడు.

"ఆ యూనిట్‌లో దారి కష్టమే మేడమ్," అన్నాడు.

"కష్టమా? లేదు అనండి."

"రాంచ్ యజమానుల అనుమతి ఉంటే..."

"మరి ఆ ముక్క పట్టికలో ఎక్కడుంది?"

"నియమావళి పంతొమ్మిదో పేజీలో, నక్షత్రం గుర్తు దగ్గర..." అతను ఓ క్షణం ఆగాడు. "నిజం చెప్పాలంటే మేడమ్, అంత తేలిగ్గా దొరుకుతోందంటే కారణం అదే. మాకు వారానికి పదిమంది ఇలాగే ఫోన్ చేస్తారు."

"అయితే పదిమందికీ కలిపి పెద్దక్షరాల్లో వేయకూడదూ?"

"నేనూ అదే అడిగాను మేడమ్. నాలుగేళ్ళుగా అడుగుతున్నాను."

అతని మీద కోప్పడదామంటే అతనూ తనలాగే విసిగిపోయినవాడు. పంతొమ్మిదో పేజీ తిరగేసింది. నక్షత్రం నిజంగానే ఉంది, ఈగ రెట్టంత.

సెప్టెంబరంతా శనివారాలు రాంచుల చుట్టూ తిరిగింది. ఉతికిన చొక్కా వేసుకుని, యాపిల్ ముక్కలు పెట్టి తను కాల్చిన తియ్యటి రొట్టె ఒకటి పక్క సీట్లో పెట్టుకుని వెళ్ళేది. మొదటి ఇంట్లో కుక్క తప్ప ఎవరూ బయటికి రాలేదు. రెండో ఇంటాయన రొట్టె తీసుకుని, వేట హక్కులు బయటివాళ్ళకి ఇచ్చేశామని చెప్పి తలుపు వేసుకున్నాడు. మూడో చోట మర్యాదగానే కాదన్నారు. ఎండికాట్ వాళ్ళ గేటు దగ్గర ఫోన్ నంబరు ఉంటే దానికి మూడుసార్లు కబురు పెట్టింది. జవాబు లేదు.

పోతుల వేట మొదలైంది, అయిపోయింది. ఆ మూడు వారాలూ రెండు లైసెన్సులూ ఓరిన్ ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉన్నాయి. ఆఖరిరోజు ఆమె వెళ్ళేసరికి అతను వాటిని తీసి సొరుగులో పడేస్తున్నాడు.

"జనరల్‌కి వెళ్ళి ఉంటే కనీసం గుడారమైనా వేసేవాళ్ళం," అన్నాడు.

"జనరల్ వద్దన్నదెవరు? చెట్టుకో మనిషి అన్నదెవరు?" ఆమె గొంతు లేచింది. "ఆర్నెల్లు! ఆర్నెల్లుగా ఆ అంకెల్లో కళ్ళు పోగొట్టుకున్నాను. ఒక్క పేజీ తిప్పావా నువ్వు? ఒక్క ఫోన్ చేశావా? తిండి తింటూ వంకలు పెట్టావు, అంతే!"

ఓరిన్ కుర్చీలో మెల్లగా, ఒక పక్కకి ఒరిగి కూర్చున్నాడు. తుంటి మీద చెయ్యి పెట్టుకుని అన్నాడు, "తిప్పాను. మార్చిలోనే. చదువుతుంటే ఏ యూనిట్ చూసినా మొదట నడక దూరమే చూస్తున్నాను. అర మైలు కూడా ఎక్కువనిపించింది. ఆ మాట నీతో చెప్పలేక వంకలు పెట్టాను."

వెర్నా ఎదురుగా కూలబడింది. ముందే చెప్పి ఉంటే ఎన్ని శనివారాలు మిగిలేవి అన్న లెక్కే మొదట మనసులోకి వచ్చింది. అలా వచ్చినందుకు సిగ్గుపడింది. కానీ కోపం మాత్రం పోలేదు.

నవంబరు రెండో వారంలో, పిల్లలు బస్సెక్కుతుండగా, ఆమె ఫోన్ మోగింది. నోరీన్ ఎండికాట్‌ట. పశువులు తోలే పనిలో పడి కబుర్లు చూసుకోలేదట.

"పోతుల సంగతైతే కుదరదమ్మా. అవి మా ఆయన, డబ్బు తీసుకుని వేటకి తీసుకెళ్ళే గైడ్లకిచ్చేశాడు," అందామె. "పెంటి దుప్పుల లైసెన్సు ఉందా మీకు? మంచు పడ్డ దగ్గర్నుంచీ రెండొందల దుప్పులు మా గడ్డివాముల మీద పడి తింటున్నాయి. ఎవరైనా వచ్చి నాలుగింటిని కొడితే వాళ్ళకి కాఫీ కూడా పోస్తాను."

మిగిలిపోయిన పెంటి లైసెన్సులు లాటరీ లేకుండా ఎవరికైనా అమ్ముతారు. ఆ పట్టికని వెర్నా మార్చిలోనే చూసి, పెంటివి గదా అని పక్కన పెట్టేసింది. పెంటికి కొమ్ములుండవు.

ఓరిన్ మొహం చిట్లించాడు. "గడ్డివాము దగ్గర మేస్తున్న పెంటినా? అది వేట కాదు, సరుకులు తెచ్చుకోవడం."

"అయితే సంచి పట్టుకుని రా," అంది వెర్నా. "ఈసారి వద్దన్నావంటే, చెప్తున్నా, నిన్ను బస్సు వెనకాల కట్టి తీసుకెళ్తా."

ఓరిన్ పేర పెంటి లైసెన్సు ఒకటి కొన్నారు. శనివారం పొద్దున ఏడింటికి ఎండికాట్ గేటు తెరిచే ఉంది. గేటు దాటుతుంటే వెర్నాకి ఏడుపూ నవ్వూ కానిదేదో వచ్చింది. చలి సున్నాకి చాలా కింద ఉంది. నోరీన్, పొట్టి మనిషి, మగవాళ్ళ కోటులో మునిగిపోయి, వాము పక్కన రెండు గడ్డి మోపులు చూపించింది. "ఇక్కడ కూర్చోండి. అవి ఆ వాగులోంచి వస్తాయి. ఇళ్ళవైపు మాత్రం కాల్చొద్దు."

వేటగాళ్ళ నారింజరంగు టోపీలు పెట్టుకుని ఇద్దరూ కూర్చున్నారు. ఓరిన్ తుంటి కింద దుప్పటి మడిచి పెట్టిందామె. ఎండ కొండ మీదికి రాగానే దుప్పులు వాగులోంచి ఒకదాని వెనక ఒకటి వచ్చాయి, ముక్కుల్లోంచి ఆవిర్లు కక్కుతూ. నూటయాభై గజాలు. అంత దగ్గర్లో అన్ని ఎల్క్‌లని టాలో రిడ్జ్ మీద కూడా వాళ్ళెప్పుడూ చూడలేదు. ఓరిన్ మందకి పక్కగా నిలబడ్డ ఓ పెద్ద పెంటి మీద తుపాకి నిలిపాడు. చాలాసేపు పట్టింది. పేలింది. అది నాలుగడుగులు వేసి పడిపోయింది.

మందంతా వెనక్కి పరుగెత్తింది. ఓరిన్ తుపాకి ఖాళీ చేసి పక్కన పెట్టాడు. లేవబోయి, లేవలేక, మళ్ళీ కూర్చున్నాడు. వెర్నా చేయి అందించింది. ఆ నూటయాభై గజాలు నడవడానికి పావుగంట పట్టింది, మూడుసార్లు ఆగారు.

అతను వంగలేడు. కోత పని ఆమే చేసింది, మంచులో మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు మోచేతుల దాకా వెచ్చగా. అతను వెనక కాలు పట్టుకుని నిలబడి, "ఎడమకి, ఇంకా ఎడమకి. పొట్ట పొడిచేవు, జాగ్రత్త. నాన్న ఎలా చెప్పాడు?" అంటూనే ఉన్నాడు.

"నాన్న నోరు మూసుకుని కాలు పట్టుకునేవాడు," అంది ఆమె తలెత్తకుండా.

నోరీన్ ఫ్లాస్కుతో వచ్చింది. కోత సగంలో ఆపి ముగ్గురూ నిలబడి కాఫీ తాగారు. "మళ్ళీ వారం రాగలరా? ఇంకా నూట తొంభై తొమ్మిది ఉన్నాయి," అందామె.

"వస్తాం," అనేశాడు ఓరిన్, వెర్నా నోరు తెరిచేలోగా.

ఇంకో లైసెన్సు కొనాలి. అందుకు మళ్ళీ ఆ వెబ్‌సైటు తెరవాలి. మిగిలినవి అయిపోకముందే, అది మధ్యలో ఆగిపోకుండా ఉంటే. వెర్నా రక్తం ఆరిన వేళ్ళతో ఫోన్ బయటికి తీసింది. పేజీ తెరుచుకుంటూ, తెరుచుకుంటూ, గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయింది.

"ఏమంటోంది?" అన్నాడు ఓరిన్.

"ఏమంటుంది! తిరుగుతోంది," అంది వెర్నా. "కాలు సరిగ్గా పట్టుకో. జారిపోతోంది."