నొక్కని బటన్

మా పిన్ని ఎనిమిది నెలలుగా ఏ బటనూ నొక్కదు. లిఫ్టు ముందు నిలబడి వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూస్తుంది. ఎవరూ రాకపోతే మోకాళ్లు పట్టుకుని మా మూడో అంతస్తుకు మెట్లెక్కుతుంది. గుమ్మం పక్కన కాలింగ్ బెల్ ఉన్నా తలుపు తడుతుంది. నేను విసుక్కుంటే, "ఏమోనే, నా చెయ్యి మంచిది కాదు" అంటుంది.

ఆ మాట విన్న ప్రతిసారీ నాకు ఒకే మనిషి పీక పిసకాలనిపించేది.

అమ్మ పోయాక నన్ను పెంచింది ఆ చేతులే. లైబ్రరీలో ముప్పై ఏళ్లుగా చిరిగిన పుస్తకాలకు జిగురు రాసి, దారం కుట్టి, అట్టలు కట్టిందీ ఆ చేతులే. లైబ్రేరియన్ అయ్యాక కూడా పిన్ని మరమ్మతు గదిని వదల్లేదు. "సంతకాలు పెట్టడానికి వాళ్లున్నారు, కుట్టడానికి ఎవరున్నారు?" అనేది. పెట్టాల్సిన సంతకాలు తనవేనన్న సంగతి ఎవరు గుర్తు చేసినా వినిపించుకునేది కాదు.

ఆ మరమ్మతు గది పుస్తకాల కోసం వెబ్‌సైట్‌లో ఒక కొత్త పేజీ వచ్చింది. గదిలో ఉన్న ఆరువందల నలభై పుస్తకాల పేర్లు వరసగా కనబడతాయి. ఒక్కో పేరు పక్కన ‘తొలగించు’ అని ఒక బటన్. బాగుచేయడానికి వీలుకాని పుస్తకం ఉంటే లైబ్రేరియన్ అది నొక్కాలి. వెంటనే ఆ పుస్తకం కాగితం గుజ్జు చేసే మిల్లు వాళ్ల జాబితాలోకి పోతుంది. లైబ్రేరియన్ మాటే చివరి మాట కాబట్టి ఆ పైన అడిగేవాళ్లు లేరు.

పేజీ వచ్చిన మొదటి రోజు పొద్దున పదకొండింటికి పిన్ని దాన్ని తెరిచింది. తెరిచి చూసిందంతే. మధ్యాహ్నం రెండింటికి పంటి నొప్పితో డాక్టరు దగ్గరికి వెళ్లింది. మూడింటికి మిల్లు బండి వచ్చింది. అటెండర్లు జాబితా చూసి, గదిలో ఒక్క పుస్తకం మిగల్చకుండా మోసి బండికెత్తారు. మర్నాడు పిన్ని వచ్చేసరికి ఖాళీ అరలూ, జిగురు డబ్బా మిగిలాయి. మిల్లుకు ఫోన్ చేస్తే రాత్రే గుజ్జయిపోయాయన్నారు.

రికార్డులో మాత్రం స్పష్టంగా ఉంది: తొలగించినవారు, లైబ్రేరియన్. పిన్నిని సస్పెండ్ చేశారు.

వెబ్‌సైట్ తయారుచేసిన కంపెనీ పెద్దను లైబ్రరీలో అందరూ సర్దుబాటుగారు అంటారు. ఏ సమస్య చెప్పినా "సర్దుకుంటుందండీ" అనడం ఆయన అలవాటు. మొదటి విచారణలో ఆయన నవ్వు చెరక్కుండా చెప్పిన మాటలు పిన్ని నాకు చెప్పింది. "నొక్కకుండా ఎలా జరుగుతుందండీ? మెషిన్‌కి అబద్ధం చెప్పాల్సిన అవసరం ఏముంది? వయసు మీద పడ్డాక చెయ్యి తగలడం సహజం. పాపం, పెద్దావిడ."

పాపమట! నోటికొచ్చినట్టు తిట్టాను. పిన్ని మాత్రం ఆయన్ను వెనకేసుకొచ్చింది.

"తిట్టకే. మర్యాదస్తుడు. ఆ రోజు కూడా పన్నెండింటికి ఫోన్ చేసి, పేజీలో చిన్న మార్పు చేశాం, ఒకసారి మూసి తెరవండి మేడమ్ అన్నాడు. జాబితా ఖాళీగా వస్తోందండీ అంటే, కొత్త పేజీ కదా, సర్దుకుంటుంది అన్నాడు. థాంక్స్ చెప్పాను కూడా."

"నువ్వు నొక్కావా, లేదా?"

"లేదనే అనుకున్నాను. అందరూ నొక్కావంటుంటే... ఏమో, నా చెయ్యే తగిలిందేమో."

తన కళ్లముందు జరిగినదాన్ని తానే నమ్మలేని స్థితికి తెచ్చాడు ఆ మనిషి నా పిన్నిని. ఉద్యోగం పోతే పోయింది, నేను సంపాదిస్తున్నాను. కానీ ఈ దొంగ ముద్రతో ఆమెను ఇంటికి పంపనివ్వనని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. నేను చేసేదీ వెబ్ పేజీల పనే. ఆఖరి విచారణకు పిన్ని తరఫున ఒక సహాయకురాలిగా నా పేరు ఇచ్చాం. కంపెనీ వాళ్ల కోడ్, విచారణ ఫైలు రెండూ నా చేతికొచ్చాయి. గడువు రెండు వారాలు.

పేజీని నా కంప్యూటర్లో తెరిచాను. బటన్ నొక్కితే పుస్తకం పోతోంది, నొక్కకపోతే ఉంటోంది. ముత్యంలా పనిచేస్తోంది. మూడు రోజులు దానితోనే కుస్తీ పట్టి, ఏమీ దొరక్క పళ్లు నూరుకున్నాను. కోడ్‌లో పాత మార్పుల చరిత్ర అడిగితే, సర్వర్ మార్చినప్పుడు పోయిందన్నారు.

నాలుగో రోజు ఫైల్లోని రికార్డు మళ్లీ చదివాను. ఆరువందల నలభై తొలగింపులు ఆరువందల నలభై వేరు వేరు వరసల్లో ఉన్నాయి. అన్నింటికీ సమయం ఒక్కటే, అదే సెకను. పేజీ పైన ఉండే ‘అన్నీ ఎంచుకో’ బటన్ నొక్కి ఒకేసారి తొలగించి ఉంటే ఒక్క వరసే పడాలి. విడివిడిగా నొక్కితే సాయంత్రం దాకా పట్టాలి. మనిషి చెయ్యి చేసిన పని కాదిది.

అప్పుడు మిగతా పేజీల మీద పడ్డాను. బటన్ నొక్కితే నడవాల్సిన ప్రతి పనిలోనూ ‘నన్ను పిలిచారు’ అని తెర మీద పలికే ఒక కోడ్ వరస చేర్చి, ఒక్కో పేజీ తెరిచి, చేతులు కట్టుకుని కూర్చున్నాను. పదకొండు పేజీలు నోరు మెదపలేదు. పన్నెండోది, కాంట్రాక్టర్ల పేజీ, నేను మౌస్ ముట్టుకోకముందే పలికింది.

బటన్‌కు పని అప్పగించడమంటే దాని చేతిలో ఒక చీటీ పెట్టడం. ఎవరైనా నిన్ను నొక్కితే ఇందులో ఉన్న పని చెయ్యి అని. మా భాషలో ఆ చీటీ పేరు కాల్‌బ్యాక్. ఇక్కడ రాసిన మనిషి చీటీ ఇవ్వడానికి బదులు, ఇవ్వాల్సిన చోట ఆ పనే చేయించేశాడు. పేజీ తెరుచుకుంటూ ఎన్ని బటన్లు గీస్తే అన్నిసార్లూ ఆ పని జరిగిపోతుంది. నొక్కేవాళ్లతో నిమిత్తం లేదు.

ఒక పేజీలో రాసిన ముక్కను ఎత్తి ఇంకో పేజీలో అతికించడం మా వృత్తిలో రోజూ ఉండేదే. ఒకచోట తప్పు దిద్ది రెండోచోట మరిచిపోవడమూ అంతే. ఫైలు చివర ఎవరూ తిప్పని కాగితం ఒకటుంది, సైట్‌కు కొత్త కోడ్ ఎప్పుడెప్పుడు ఎక్కించారో తెలిపే పట్టిక. మరమ్మతు గది పేజీని పిన్ని తెరిచిన రోజే, పదకొండూ యాభైరెండుకు మార్చారు. అంటే అంతకుముందు దానిలోనూ ఇదే తప్పుంది, అక్కడ దిద్ది ఇక్కడ మరిచిపోయారు.

ఇది చాలు, పిన్ని నిర్దోషి అని నిరూపించడానికి. నాకే చాలలేదు. ఆ నవ్వు చెరగడం నేను చూడాలి. కాంట్రాక్టర్ల పేజీలో ఎవరు లాగిన్ అయితే వాళ్ల ఒప్పందం ఒక్కటే కనబడుతుంది. పక్కన ఒప్పందం వదులుకోవడానికి ‘విరమించు’ అని బటన్. ఏడాదికోసారి, ఒప్పందం పొడిగించుకునేటప్పుడు తప్ప దాన్ని ఎవరూ తెరవరు. కొత్తగా రాసిన ఈ పేజీని ఇంకా ఎవరూ తెరవలేదు. నేను నోరు మూసుకుని విచారణ రోజు కోసం ఎదురుచూశాను.

ఆ రోజు లిఫ్టు బటన్ కూడా నేనే నొక్కాను. పొడవాటి బల్లకు ఒక చివర విచారణాధికారిణి, మెడలో గొలుసుకు వేలాడే కళ్లజోడు. ఎదురుగా సర్దుబాటుగారు. గోడ మీద పెద్ద తెర.

"మేడమ్, నేను చూపిస్తే నేనేదో మార్చానంటారు. ఆయన్నే అసలు సైట్‌లో, ఆయన లాగిన్‌తోనే కాంట్రాక్టర్ల పేజీ తెరవమనండి. తెరిచి, చేతులు ఒళ్లో పెట్టుకోమనండి" అన్నాను.

"దానికేం భాగ్యం" అని నవ్వుతూ లేచాడు. తెరిచాడు. చిన్నపిల్లాడిలా రెండు చేతులూ పైకెత్తి అందరికీ చూపించాడు కూడా.

తెర మీద ఆయన కంపెనీ పేరు కనబడీ కనబడకముందే బూడిదరంగుకు తిరిగింది. కింద అక్షరాలు పడ్డాయి: ఒప్పందం విరమణ కోరారు. కోరినవారు, ఆయన పేరే.

"అరె! నేను నొక్కలేదు!"

"నొక్కకుండా ఎలా జరుగుతుందండీ?" అన్నాను. "మెషిన్‌కి అబద్ధం చెప్పాల్సిన అవసరం ఏముంది? చెయ్యి తగిలిందేమో చూసుకోండి, పాపం."

నవ్వు చెరిగింది. తృప్తిగా, కళ్లారా చూశాను. ఆ తర్వాత చీటీ సంగతీ, ఒకే సెకను సంగతీ, పదకొండూ యాభైరెండు సంగతీ వివరించాను. అధికారిణి కళ్లజోడు పెట్టుకుని పట్టిక రెండుసార్లు చదివింది. సస్పెన్షన్ ఆ క్షణం నుంచే రద్దని చెప్పింది. నేను గెలిచాననుకున్నాను.

అప్పుడు పిన్ని మెల్లగా అడిగింది. "పదకొండూ యాభైరెండా?"

"అవును పిన్నీ. ఆ రోజే దిద్దేశాడు."

"బండి మూడింటికి కదా వచ్చింది."

పది రోజులు ఆ అంకెను పట్టుకుని తిరిగాను. నా కసి నాకు ఆయన మొహం ఒక్కటే చూపించింది, ఆ మూడు గంటలు చూడనివ్వలేదు.

"మీరు నాకు ఫోన్ చేసేటప్పటికి అన్ని పుస్తకాలూ గదిలోనే ఉన్నాయి" అంది పిన్ని ఆయనతో. "నేనూ గది పక్కనే ఉన్నాను. జాబితా ఖాళీగా ఉందని నేనే చెప్పాను మీకు."

ఆయన వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "సాయంత్రం ఎవరికీ తెలియకుండా పాత జాబితా తిరిగి ఎక్కిద్దామనుకున్నానండీ. బండి ఆ రోజే వస్తుందనుకోలేదు. తర్వాత చెప్పడానికి... భయమేసింది. క్షమించండి మేడమ్."

అధికారిణి గొంతు సవరించుకుని, "ఈ విరమణ పొరపాటున జరిగింది కాబట్టి తిరస్కరించవచ్చు. లేదా ఆమోదించవచ్చు. లైబ్రేరియన్ ఇప్పుడు మీరే కాబట్టి నిర్ణయం మీది" అంది. పిన్ని లాగిన్‌తో తెర మీద రెండు బటన్లు వచ్చాయి.

నేను అలవాటుగా లేవబోయాను, నేనే నొక్కుదామని. పిన్ని నా భుజం నొక్కి కూర్చోబెట్టింది. తనే వెళ్లి మౌస్ మీద చెయ్యి వేసింది. చూపుడు వేలి చివర సూదిపోట్లతో గట్టిపడిన చర్మం ఇంకా అలాగే ఉంది.

"సర్దుకుంటుందన్నారు" అంది ఆయన వైపు చూస్తూ. "సర్దుకోలేదండీ."

‘ఆమోదించు’ నొక్కింది. వెనక్కి తిరిగి అధికారిణితో అంది.

"రాసుకోండి మేడమ్. ఈసారి నొక్కింది నేనే."