జీవమ్మ బొటనవేలు

గ్రామ సచివాలయంలో వేలిముద్రల మిషన్ మీద జీవమ్మ బొటనవేలు పెట్టింది. ఎర్ర లైటు వెలిగింది. కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టింది. ఎర్రదే. పదకొండోసారికి గాజు మీద నెత్తురు అంటింది.

"ఏందిది?" అన్నాడు ఉద్యోగి.

"గీతలు పడతాయని బండకేసి రుద్దుకుంటి సార్. కొత్త తోలొస్తే గీతలు గూడా వస్తాయని సుంకమ్మ చెప్పె."

అతను నవ్వాడు. మిషన్‌ను గుడ్డతో తుడిచాడు. ఆమె వేలిని చూడలేదు. వెనక వరసలో నిలబడి నేను కళ్లారా చూశాను.

నాపరాయికి పాలిష్ పట్టేవాళ్ల వేళ్లకు గీతలుండవు. నీళ్లలో నాని, రాయికి ఒరుసుకుని నున్నగా అయిపోతాయి. జీవమ్మది పద్నాలుగేళ్ల పని. కూతురు మహిమ డిగ్రీ చివరి ఏడు. తల్లి వేలిముద్ర పడితేనే సర్కారు ఫీజు వస్తుంది. రాకపోతే హాల్‌టికెట్ ఇవ్వనంది కాలేజీ. కాలేజీ ఎవరిది? పాలిష్ ఫ్యాక్టరీ ఓనర్‌దే. వాడి రాయి గీతలు తిన్నది. వాడి కాలేజీ గీతలు అడిగింది.

నా భార్య ఆ ఫ్యాక్టరీ దుమ్ము మింగి చచ్చినప్పుడు వాడు పూలదండ పంపాడు. పాడె మోసినవాళ్లకు ఆ పూట కూలి కోశాడు.

పరీక్షకు ముందురోజు సాయంత్రం రాళ్లదిబ్బ దగ్గర చేరాం. ఏడుగురు పిల్లలది ఇదే గతి.

"కాళ్లు పట్టుకుందాం పాండి. పెద్దాయన, కరగడా?" అన్నాడు పెద్ద ఈరన్న.

"నీ ఊపిరితిత్తులే కరిగిపాయ, ఆయప్ప కరగలే" అంది సుంకమ్మ.

"బండకు రుద్దుకోమన్న నోరు నీదే గదమ్మే!"

"నాదే. ఇప్పుడు ఇంకో మాట చెప్తాండా. వారం వారం కూలి పుస్తకంలో ఇంకులో వేలు ముంచి అద్దుతాండాం. నల్ల మచ్చ తప్ప ఏమన్నా పడతాదా? ఆ మచ్చ ఓనర్‌కు చాలుతాది. మన పిల్లోళ్ల సదువుకు చాలదా?"

జీవమ్మ కట్టు కట్టిన వేలు ఒళ్లో పెట్టుకుని, "రేపు పాలిష్ మిషన్లు ఆపుదాం" అంది.

తెల్లారి కాలేజీ గేటు ముందు నూట ఇరవై మందిమి కూర్చున్నాం. ఓనర్ కారు దిగాడు.

"ఏమ్మా జీవమ్మా, ప్రార్థన కూటం ఈడ పెట్టినారా?"

"హాల్‌టికెట్లు ఇయ్యండి సార్. లేస్తాం."

"ఆరుగురికి ఇస్తా. నీ కూతురికి ఇయ్యను. మిషన్లు ఆపమన్నది నువ్వే గదా."

గుమాస్తా ఆరు హాల్‌టికెట్లు పంచాడు. తొమ్మిదికి గంట కొట్టారు. కాలేజీ పిల్లలంతా లోపలికి పోయారు. ఆ ఆరుగురూ కదల్లేదు. నరసన్న కూతురు శివలీల తన కాగితాన్ని గేటు కమ్మీల్లోంచి లోపలికి విసిరింది.

"మహిమకు లేంది నాకూ వద్దు."

నరసన్న లేచి కూతురి చెంప పగలగొట్టాడు. "మూడేండ్ల సదువే, పాపిష్టిదానా!" కొట్టి, ఏడ్చి, దాని పక్కనే కూలబడ్డాడు. మిగిలిన ఐదు కాగితాలూ గేటు లోపల పడ్డాయి.

ఓనర్ పిలిపించిన పోలీసులు జీవమ్మను జుట్టు పట్టి ఈడ్చారు. వ్యాను తలుపులో ఆమె వేళ్లు నలిగాయి. అరిచింది. తలుపు తీసి, ఆమెను లోపలికి తోసి, మళ్లీ వేశారు. ఏడుగురు పిల్లల పరీక్ష పోయింది. పోలేదని నేను అబద్ధం చెప్పను.

మధ్యాహ్నం ఫ్యాక్టరీలో షిఫ్టు కూత కూసింది. ఒక్కరూ లేవలేదు. మేనేజర్ వచ్చాడు.

"ఎల్లుండి పరీక్షకు సారు ఏడుగురికీ హాల్‌టికెట్లు ఇస్తాడంట. పనిలోకి రాండప్పా."

"జీవమ్మను ఇడిపించి నువ్వే తోలుకొని రా" అంది సుంకమ్మ. "అంతవరకూ మీ బండలు మీరే మోసుకోండి."

అతను కదలకపోతే మేమే పోలీస్ స్టేషన్ వైపు నడిచాం. పరీక్ష రాసి బయటికొచ్చిన పిల్లలు, జేబుల్లో పెన్నులతోనే, మా వెనక వరసలు కట్టారు.