సారవ్వ బోర్డుకు గుండ్రటి అక్షరాలు

గోదావరిఖని చౌరస్తాలో యమున ఫ్లెక్సీల దుకాణం పెట్టి రెండేళ్లయింది. ఆమె కంప్యూటర్లో తెలుగు అక్షరాలు పదకొండు రకాలు ఉండేవి. పెళ్లికైనా, ఎన్నికలకైనా అవే. ఎవరూ వంక పెట్టలేదు. 2009 వానాకాలంలో సారవ్వ వచ్చి పదకొండింటికీ వంక పెట్టింది.

గనిలో పనిచేసి రిటైరైన భర్త రాయమల్లుతో కలిసి ఆమె బస్టాండు పక్కన సర్వపిండి, అంటే బియ్యప్పిండి రొట్టెల బండి పెడుతోంది. దానికి బోర్డు కావాలి.

"గిది దవాఖాన బోర్డు లెక్కున్నది," అంది మొదటిదాన్ని చూసి. రెండోది కోర్టు నోటీసులా ఉందట. మూడోదానికి మొహమే తిప్పుకుంది.

"అవ్వా, నీకు చదువు రాదంటివి. ఏ అక్షరమైతే ఏంది?" యమున విసుక్కుంది.

"చదువు రాకుంటే కండ్లు లేవా బిడ్డా? చూస్తే ఆకలి కావాలె. గివి ఎండు పుల్లల లెక్కున్నయ్."

మర్నాడు ఆమె వేడివేడి సర్వపిండి తెచ్చి బల్ల మీద పెట్టింది. మందంగా, గుండ్రంగా ఉంది. నూనె పోయడానికి వేలితో పొడిచిన చిల్లులు ఎర్రగా కాలి ఉన్నాయి.

"తిను. తిన్నంక రాయి."

యమున తిన్నది. చేతులు కడుక్కుని, మౌస్ పక్కకు నెట్టి, లావు స్కెచ్ పెన్నుతో కాగితం మీద 'స' రాసింది. అంచులు మెత్తగా, పొట్ట ఉబ్బుగా, లోపల వేలిచిల్లంత ఖాళీ. చూస్తే ఆమెకే నవ్వొచ్చింది. 'పిం', 'డి' కూడా కుదిరాయి. 'ర్వ' దగ్గరే చిక్కొచ్చింది. కింది వత్తు పై అక్షరమంత లావై దాన్ని ఢీకొడుతోంది. సన్నగా రాస్తే అతికించినట్టుంది.

పక్క గల్లీలో మొగిలి ఉంటాడు. ముప్పై ఏళ్లు గోడల మీదా, లారీల మీదా రాసిన చెయ్యి. ఫ్లెక్సీలు వచ్చి పని పోయాక, యమునతో మాటలు మానేశాడు. ఆమె భయపడుతూనే కాగితం పట్టుకెళ్లింది.

"కాకా, వత్తు కుదురుతలేదు. జర చూస్తవా?"

మొగిలి కాగితం లాక్కున్నాడు. ఒక్కో అక్షరం మీదా వేలితో గీస్తూ చూశాడు.

"గిట్ల రాయమని నీకెవలు చెప్పిండ్రు?"

"సర్వపిండి."

ఆయన పకపకా నవ్వాడు. రెండేళ్ల కోపం ఆ నవ్వులోనే పోయింది. "వత్తును నడుమ నిలవెట్టకు. జర పక్కకు జరుపు. పైదాని బొజ్జ కింద దానికి జాగ ఇయ్యి." కుంచె ముంచి ఒక్క ఊపున రాశాడు. పై అక్షరం ఒళ్లోకి వత్తు ఒదిగి కూర్చుంది.

పసుపు మీద ఎర్రటి అక్షరాలతో బండికి కట్టిన బోర్డు చూసి బస్సు దిగినవాళ్లు నవ్వుకుంటూ బండి దగ్గరికే వచ్చారు. తర్వాత బాలవాడి టీచరు సుగుణమణి తన బడి గోడకు అవే అక్షరాలు కావాలంది. ఒక గని సేఫ్టీ ఆఫీసరు కూడా వచ్చాడు. మొదట మొహం చిట్లించి, "పిల్లలాట లెక్కున్నదమ్మా," అంటూనే ఒక్క బ్యానరు చేయించుకున్నాడు. 'టోపీ పెట్టుకోండి' అని గని దగ్గర కట్టిన ఆ బ్యానరు ముందు మొదటి షిఫ్టువాళ్లంతా ఆగి చదవడం చూశాక, ఇంకో నాలుగు చెయ్యమన్నాడు.

దాంతో మొగిలి రోజూ భోజనమయ్యాక దుకాణానికి రావడం మొదలుపెట్టాడు. అక్షరమాల మొత్తాన్నీ ఆయన కుంచెతో రాస్తాడు, యమున స్కాన్ చేసి కంప్యూటర్లో పన్నెండో రకంగా చెక్కుతుంది. గుణింతాల దగ్గర వాదన, 'క్ష' దగ్గర పెద్ద తగాదా. బండి 'ఱ' దగ్గర యమున చేతులెత్తేసింది.

"గిది ఇప్పుడెవలు రాస్తున్నరు కాకా? ఇడిసిపెడుదాం."

"ఎవలు రాయకుంటే గది అక్షరం గాదా?" అంటూ మొగిలి దాన్ని అన్నిటికంటే లావుగా రాసి పెట్టాడు.