ఆధారపడినవాళ్లు

ఆదివారం పొద్దున డాక్టరమ్మ ఆరిన బట్టలన్నీ మంచం మీద కుప్పపోసుకుని మడతపెడుతుంటే, ముందుగదిలోంచి భర్త కేకేశాడు. "ఒక్క నిమిషం వచ్చి సంతకం పెట్టి వెళ్లు. మిగతాదంతా నేను మాట్లాడేశాలే."

ఆమె డాక్టరు కాకముందే ఆ పేరు వచ్చింది. పెళ్లయిన కొత్తలో, ఇంకా పుస్తకాలతో కుస్తీ పడుతున్న రోజుల్లోనే, అత్తగారు "ఏం డాక్టరూ, తిన్నావా?" అని పిలవడం మొదలుపెట్టింది. ఇన్నాళ్లకు అది నిజమైంది. ఆసుపత్రిలో పెద్ద డాక్టరుగా చేరి మూడు నెలలు. మూడు జీతాలు చేతికొచ్చాయి. అవి ఎక్కడ దాచాలో, దేనికి వాడాలో చెప్పే మనిషి కావాలని భర్తే అన్నాడు, ఆ మనిషిని కూడా తనే పట్టుకొచ్చాడు. స్నేహితుడికి స్నేహితుడట.

ఆమె చేతిలో తువ్వాలుతోనే వెళ్లి నిలబడింది. ఆ మనిషి పాలసీ కాగితం ఆమె వైపు తిప్పాడు గానీ చూపు మాత్రం భర్త మీంచి తిప్పలేదు. "సార్ లాంటివాళ్లకి ఇదే బాగా సరిపోతుందండీ. ఇరవయ్యేళ్లు కళ్లు మూసుకోవచ్చు."

"మధ్యలో ఆపేస్తే ఎంత తిరిగొస్తుంది?" అని అడిగింది ఆమె.

"అబ్బే, సార్, అలా ఎందుకు ఆపుతారు మీరు!" అన్నాడతను భర్తతో.

అడిగింది తను, జవాబు భర్తకి. ఇది కొత్తేమీ కాదు. వార్డులో మెళ్లో స్టెతస్కోపుతో నిలబడి ఉన్నా, రోగి తాలూకు మనుషులు "సిస్టర్, డాక్టరుగారెప్పుడొస్తారు?" అని అడుగుతూనే ఉంటారు. పక్కనున్న కుర్ర డాక్టరు మగవాడైతే చాలు, తను చెప్పిన మాటే అతని నోట ఇంకోసారి వినేదాకా నమ్మరు. కాగితాలు చదివాక సంతకం పెడతానని ఆమె ఆ మనిషిని పంపించేసింది. "పరువు తీశావు, అతనేం అనుకుంటాడు?" అన్నాడు భర్త. చెడ్డవాడేమీ కాదు. ఆమె పరీక్షలప్పుడు టీ పెట్టిచ్చినవాడే, ఆమె పాసైతే వీధంతా వినపడేలా అరిచినవాడే. కాకపోతే 'నేను చూసుకుంటాలే' అనడమే ప్రేమ అనుకునే మనిషి. ఆ ప్రేమలో ఆమె చూడాల్సింది ఏమీ మిగలదన్న సంగతి అతనికి తట్టేది కాదు.

ఈ ముచ్చట విని ఆసుపత్రిలో పెద్ద నర్సు పకపకా నవ్వింది. "నేనూ అలాంటి వాడి దగ్గరే బోల్తాపడ్డా డాక్టర్. తర్వాత తెలివొచ్చింది. ఎవరి దగ్గరికెళ్లినా ముందు ఒక్కమాట అడగండి. మీకు డబ్బులిచ్చేది నేనా, మీరు అమ్మే కంపెనీయా? తడబడ్డారంటే లేచి వచ్చేయండి."

ఆ ఒక్క ప్రశ్నకు ఇద్దరు తడబడ్డారు. మూడో మనిషి పేరు కూడా నర్సే ఇచ్చింది. జిరాక్సు షాపు పైన ఒక్క గది, కిటికీ పక్కన రెండు కుర్చీలు. యాభై దాటిన ఆవిడ, ముక్కు చివర కళ్లద్దాలు. ప్రశ్న పూర్తవకముందే "మీరే ఇవ్వాలమ్మా, గంట లెక్కన. నేనేదీ అమ్మను" అని చెప్పి ఒక ఫారం ముందుకు తోసింది. డాక్టరమ్మకు అక్కడే సగం ప్రాణం కుదుటపడింది.

'మీ మీద ఆధారపడినవాళ్లు' అన్నచోట ఆమె 'కూతురు, అత్తగారు' అని రాసింది. సలహాదారు అక్కడ వేలు పెట్టి ఆగింది.

"మీ అత్తగారు ఏం చేస్తారు?"

"ఏం చేయరండీ, ఇంట్లోనే ఉంటారు. పోస్టాఫీసులో చేసి రిటైరయ్యారు."

"ఇంట్లో ఉండి ఏం చేస్తారు?"

చెప్పడం మొదలుపెట్టాక ఆమెకు ఆగడం చేతకాలేదు. పిల్లను లేపి, జడలేసి, బడి దగ్గర దింపేది అత్తగారే. వంటా ఆవిడే. రాత్రి డ్యూటీ చేసొచ్చి తను పగలు పడుకుంటే, పిల్ల తలుపు తట్టకుండా గడప దగ్గర కూర్చుని కథలు చెప్పేదీ ఆవిడే. పిల్లకు నూట మూడు జ్వరమొచ్చిన రోజు తను ఆసుపత్రిలో వేరేవాళ్ల పిల్ల మంచం పక్కన ఉంది. ఇంట్లో తడిగుడ్డ వేస్తూ కూర్చున్నది అత్తగారు. "నువ్వక్కడుండు, ఇక్కడ నేనున్నాగా" అంది ఫోనులో. ఆ మాట మీదే తను సూది పట్టుకుంది.

సలహాదారు అంతా విని, పెన్ను మూత పెట్టి అడిగింది. "మరి ఎవరు ఎవరి మీద ఆధారపడ్డారమ్మా?"

డాక్టరమ్మ తను రాసిన ఫారం వైపు మళ్లీ చూసుకుంది.

"వచ్చేవారం ఆవిడను తీసుకురండి. పెన్షన్ కాగితం కూడా."

ఇంట్లో ఈ సంగతి చెప్పగానే భర్త నవ్వాడు. "అమ్మ దేనికి? ఆవిడకేం తెలుస్తుంది ఇవన్నీ?"

"పాతికేళ్లు ఊరందరి పొదుపు పుస్తకాలూ రాసింది నేనేరా" అంది అత్తగారు లోపల్నుంచి. వెళ్లేరోజున మంచి చీర కట్టుకుని, మనవరాలికి జాగ్రత్తలు పది చెప్పి, అందరికన్నా ముందే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.

సలహాదారు పెన్షన్ కాగితం చూసి కళ్లద్దాలు పైకి జరుపుకుంది. "ఇంత తక్కువేంటమ్మా? ఇరవయ్యారేళ్ల సర్వీసు కనిపిస్తోంది. ఇంకో నాలుగేళ్లు చేసి రిటైరై ఉంటే పెన్షన్ ఇంకా ఎక్కువ వచ్చేది కదా?"

"మానేశానండీ."

"ఒంట్లో బాగాలేకా?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను." అత్తగారు సంచి తాడు సర్దుకుంది. "పిల్లకి అప్పుడు ఆరు నెలలు. ఈ అమ్మాయికి పెద్ద చదువుకి సీటొచ్చింది. పిల్లలు ఎదిగేదాకా సీటు ఆగుతుందాండీ?"

డాక్టరమ్మకు ఆ నెల గుర్తొచ్చింది. 'అమ్మ రిటైరవుతోంది, మన అదృష్టం, భలే కలిసొచ్చింది' అని భర్త అంటే, తనూ అవునంది. అత్తగారి వయసెంతో లెక్కేసుకోలేదు. ఏడేళ్లుగా ఆ అదృష్టానికే దండం పెడుతూ వచ్చింది. పెట్టాల్సిన మనిషి పక్కగదిలోనే ఉంది. తనను వార్డులో ఎవరో సిస్టర్ అన్నారని, ముందుగదిలో ఎవరో తన మొహం చూడలేదని ఉడుక్కుంది గానీ, 'ఏం చేయరండీ, ఇంట్లోనే ఉంటారు' అని మొన్న అన్నది ఈ నోరే కదా! సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ సిగ్గు వెనకాలే ఇంకేదో కూడా వచ్చింది, సిగ్గుకన్నా పెద్దది. తన కోసం ఒక మనిషి ఇంత చేసి, ఒక్కరోజు కూడా ఎత్తిచూపలేదు. అత్తగారి చెయ్యి పట్టుకుంది. ఆవిడ "ఏంటే, జనం ముందు" అంది గానీ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఆ సాయంత్రం భర్తను అడిగింది. "నీకు తెలుసా?"

"తెలుసు. తెలిస్తే నువ్వు సీటు వదిలేస్తావని అమ్మే చెప్పొద్దంది. అయినా నాలుగేళ్లే కదా..." అని, తన మాట తనకే వినపడ్డట్టు ఆగిపోయాడు.

"ఆ నాలుగేళ్లు నీవీ కావు, నావీ కావు" అంది ఆమె. "నెలనెలా నా జీతంలో మొదటి వాటా అత్తయ్య పేరున వెళ్తుంది. పెన్షన్ ఎంత తగ్గిందో అంతా, పైన ఈ ఏడేళ్ల చాకిరీకి కొంత. రేపు నాకేమైనా అయినా ఆగకుండా ఏర్పాటు చేస్తోంది ఆ సలహాదారు. నిన్ను అడగట్లేదు, చెబుతున్నాను."

"ఈ మాట నేనే అనాల్సింది, ఎప్పుడో" అన్నాడతను. ఆ పూట అంట్లు తనే తోమాడు. తోమడం అంతంతమాత్రమే. అయినా ఆమె మళ్లీ కడగలేదు.

మర్నాడు సలహాదారు గదిలో విషయం చెబితే అత్తగారు ముందు ఒప్పుకోలేదు. "ఇంటి మనిషికి జీతమేంటి, చోద్యం కాకపోతే!" అంది. ఇది జీతం కాదు, మీదే మీకు తిరిగొస్తోంది అని సలహాదారు ఓపిగ్గా విడమరిచి చెప్పాక మెత్తబడింది. పోస్టాఫీసు నాటి గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టి, ఆరిందో లేదో అని ఒకసారి ఊదింది.

మెట్లు దిగుతూ, గుండె నిండిపోయి, డాక్టరమ్మ ఊరుకోలేక అడిగింది. "అత్తయ్యా, మొదటి నెల డబ్బులు రాగానే ఏం చేస్తారు?"

అత్తగారు రెయిలింగు పట్టుకుని ఆగి, వెనక్కి తిరిగి చూసింది.

"ఏం డాక్టరూ, నీ డబ్బులేం చేస్తున్నావని నేనెప్పుడైనా అడిగానా?"