వెనుక ముక్క మీది అక్షరాలు

కుట్టు కంపెనీలో ఆమెను అందరూ మిరపకాయ అనే పిలిచేవారు. చాటుగా కాదు, మొహం మీదే. ఆమె పలికేది కూడా. అయితే ఆ మధ్య కొన్నాళ్లు ఆమెను ఏ పేరుతోనూ పిలిచే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఆమె చెల్లెలు ఉండే దేశంలో జనం ఓట్లేసి గెలిపించినవాళ్లను సైన్యం జైల్లో పెట్టింది. ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కాయి. చెల్లెలు అక్కడ బడిలో లెక్కలు చెబుతుంది. మరిది అక్కడివాడే, సిటీ బస్సు నడుపుతాడు. ఇద్దరూ రోజూ ఊరేగింపులకు వెళ్లేవారు. చెల్లెలు వీడియోలు పంపేది, అక్క ఫోన్ చేసి తిట్టేది.

"నువ్వు పుట్టిన ఊరా, పెరిగిన ఊరా? తలుపేసుకుని ఇంట్లో పడుండవే!"

"ఇక్కడే ఓటేశానక్కా. నా ఓటు పట్టుకెళ్లి చెత్తబుట్టలో పడేస్తే తలుపేసుకుని కూర్చోనా?"

ఆ తర్వాత అక్కడి సైన్యం ఫోన్లు కూడా ఆపేసింది.

అప్పటినుంచి మిరపకాయకు కనబడినవాళ్లందరి మీదా కోపమే. టీవీలో ఒక పెద్దమనిషి గొంతు సవరించుకుని, అక్కడి పరిస్థితి అదుపులోనే ఉందన్నాడు. "ఎవడి అదుపులోరా?" అని రిమోటు విసిరికొట్టింది. విదేశాల్లో చిక్కుకున్నవారి కోసం పెట్టిన నంబరుకు చేస్తే సంగీతం వినిపించింది, అంతే. భర్త మెల్లగా, "దేవుడి మీద భారం వేద్దాం" అన్నాడు.

"ఆయన మీద ఇప్పటికే బోలెడు భారం ఉంది. కాస్త నువ్వు మొయ్యి!" అంది.

అలాంటి రోజుల్లో కంపెనీకి కొత్త ఆర్డరు వచ్చింది. మందపాటి నల్లగుడ్డ కోట్లు. ఛాతీకీ భుజాలకీ లోపల గట్టి స్పాంజి. వెనుక ముక్కను భుజాలకు కలిపి కుట్టడం మిరపకాయ పని. మొదటి ముక్కను సూది కింద పెట్టబోయి ఆగిపోయింది. దాని మీద తెల్లటి అక్షరాలున్నాయి. ఆ భాష ఆమెకు రాదు. కానీ ఆ అక్షరాలు తెలుసు. చెల్లెలు పంపిన వీడియోలో, కర్రలెత్తి జనం మీదికి ఉరికేవాళ్ల వీపుల మీద ఉన్నవి అవే. ఫోన్ తీసి, వీడియో ఆపి, గుడ్డ పక్కన పెట్టి చూసింది. అవే.

"ఇవెవరికి సార్?" సూపర్‌వైజరును అడిగింది.

"ఎవరికైతే నీకెందుకమ్మా? కుట్టడం మన పని, తొడుక్కోవడం వాళ్ల పని."

"మరి కొట్టడం ఎవరి పని?"

మిషన్ ఆపేసి లేచింది. పక్కనే గుండీలు కుట్టే పెద్దామె ఉంది. అందరికీ ఆమె గుండీలత్త. "ఏమైందే?" అంటే వీడియో చూపించింది. గుండీలత్త చూసి, ఫోన్ తిరిగి ఆమె చేతిలో పెట్టింది.

మేనేజరు తన అద్దాల గదిలోకి పిలిపించి, ఓపిగ్గానే చెప్పాడు. "చూడమ్మా, ఇవి తుపాకులు కాదు, కర్రలు కాదు. ఒంటికి దెబ్బ తగలకుండా వేసుకునే కోట్లు. మనం కుట్టకపోతే ఇంకోడు కుడతాడు."

"కుట్టుకోనివ్వండి. వాళ్లకి దెబ్బ తగలకుండా నేను కుట్టాలి. మా చెల్లి తల పగిలితే కుట్లెవరేస్తారు, మీరా?"

"గొంతు తగ్గించు."

"అక్కడ గొంతులు తగ్గించడానికేగా ఈ కోట్లు! నేను తగ్గించను."

"రేపట్నుంచి రావద్దు."

"రేపటిదాకా ఎవరుంటారు?"

బయటికి వచ్చేసరికి కొన్ని మిషన్లు ఆగి ఉన్నాయి. సూపర్‌వైజరు వరసల మధ్య ఓసారి నడిచాడు. ఒక్కొక్కటే మళ్లీ మొదలయ్యాయి. గుండీలత్త తలెత్తలేదు. ఆ చప్పుడు మిరపకాయను గేటుదాకా తరిమింది.

సాయంత్రం గుండీలత్త ఇంటికి వచ్చింది.

"ఏ మొహం పెట్టుకొచ్చావత్తా?"

"ఉన్న మొహమే. తిట్టు, పడతా. మంచం దిగలేని మొగుణ్ణి పెట్టుకుని నీలా లేచి రాలేనే. వెనక వరసలో కొందరు మాత్రం ఆ కోట్లు ముట్టుకునేది లేదని వేరే పని అడిగారు, ఇచ్చారు. ఎవరు కుట్టినా కోట్లయితే వెళ్లిపోతాయి."

మిరపకాయ తిట్టింది. నోరు నొప్పెట్టేదాకా తిట్టింది. గుండీలత్త అంతా విని, చీకటి పడకముందే లేచి వెళ్లింది.

కోట్లు లారీ ఎక్కి వెళ్లిపోయాయి. చాలా రోజులకు, ఒక పొద్దున్న అంట్లు తోముతుండగా తెలియని నంబరు నుంచి ఫోన్ మోగింది.

"అక్కా, బతికే ఉన్నా." చెల్లెలి గొంతు బొంగురుపోయింది.

"బతికుంటే నేనే చంపుతా! ఇన్నాళ్లూ..."

"ఆయన్ని పట్టుకుపోయారక్కా. మిలటరీ లారీలు రాకుండా బస్సు రోడ్డుకు అడ్డంగా పెట్టి తాళాలు మురిక్కాలవలో విసిరేశాడు. చెయ్యి విరగ్గొట్టారు. నేను జైలు గేటు దగ్గరే ఉంటున్నా. నాలాంటివాళ్లు బోలెడుమంది."

"వచ్చెయ్యవే."

"ఆయన్ని వదిలేసా?"

మిరపకాయ చేతిలోని గిన్నెను చెల్లెలికి వినబడేంత చప్పుడుతో కింద పెట్టింది.

"నువ్వేంటక్కా, ఈ వేళప్పుడు ఇంట్లో ఉన్నావు? పనికెళ్లలేదా?"

"మానేశాలే. ముందు నువ్వు తిన్నావా?"

లైను తెగిపోయింది. మళ్లీ చేస్తే మోగలేదు. మిరపకాయ సబ్బు చేతులు పైటకు తుడుచుకుని, చెప్పులేసుకుని, తిన్నగా కంపెనీకి నడిచి గేటు బయట కాచుకుని నిలబడింది. మధ్యాహ్నం తిండికి బయటికొచ్చిన ఆడవాళ్లు ఆమెను చూసి ఆగారు. బస్సు సంగతి, విరిగిన చెయ్యి సంగతి, జైలు గేటు సంగతి పైనున్న అద్దాల గదికి కూడా వినబడేలా చెప్పడం మొదలుపెట్టింది. సూపర్‌వైజరు పరుగున వచ్చి గేటు వేయబోయాడు.

గుండీలత్త గేటు రెక్కకు అడ్డంగా నిలబడి, "ఆగండి సార్, పూర్తిగా చెప్పనివ్వండి" అంది.