సొంత చేలో కూలి

వాపనోక్వ పీకింది నాలుగు మొక్కజొన్న పిలకలు. కంకి వెయ్యని పిలకలు, కలుపుతో పాటు పీకి పారేసేవే. ఆకలికి వాటి తీపి రసం నములుదామని కంచె సందులోంచి చెయ్యి పెట్టింది. ఎద్దుల్ని తోలే కర్ర పట్టుకుని, ఆ కంచె కట్టిన తెల్లవాడు హార్లన్ ప్రూయిట్ వచ్చాడు. చేతి మీద కొట్టాడు, వీపు మీద కొట్టాడు, కింద పడ్డాక మొహం మీద కొట్టాడు.

నెపీక్వ ఆ కంచె లోపలే ఉంది. దెబ్బలు తింటున్నది స్వయానా ఆడపడుచు. అయినా తల ఎత్తలేదు. పారతో మొక్కల మొదళ్లకి మట్టి ఎగదోస్తూనే ఉంది.

ఆ చేను నెపీక్వదే. అంతకు ముందు ఆమె తల్లిది, అమ్మమ్మది. సాక్ అనే ఈ ఆదివాసీ జనంలో వేట మగవాళ్లది, చేను పండించే ఆడదానిది. చలికాలం వేటకని ఊరంతా మిసిసిపీ దాటి వెళ్లింది. తిరిగొచ్చేసరికి పొడుగు కత్తుల వాళ్లు, అంటే ఈ అమెరికా వాళ్లు, రాక్ నది పక్క చేలన్నీ దున్నేసి కంచెలు కట్టేసుకున్నారు. గోతుల్లో దాచిన గింజలు కూడా తవ్వుకు తినేశారు. కంచే చేను మేసిందంటారు గాని, ఇక్కడ కంచె చేనునే మింగేసింది. ఎప్పుడో నలుగురు మగపెద్దలు సారా మత్తులో ఏదో కాగితం మీద సంతకమని ఈక కలం తాకించారట, దాంతో నేలంతా అమ్ముడైపోయిందట!

కంచె లోపలికి ఎవరూ కూలికి పోకూడదని ఆడవాళ్లంతా అనుకున్నారు. పోతే కంచెని ఒప్పుకున్నట్టే. నెపీక్వ కూడా ఊఁ అంది. పిల్లలు చెట్టు బెరడు నమలడం చూశాక మాత్రం ఆగలేకపోయింది. పనయ్యాక ప్రూయిట్ ఆమె సంచిలో ఇంత పిండి పోసేవాడు.

ఆ సాయంత్రం ఊరంతా చెట్టు బెరడుతో కట్టిన పొడవాటి ఇంట్లో చేరింది. ఆడవాళ్ల మాట నడిపించే ముసలమ్మ మషేనా లేచి అడిగింది.

"అక్కడ మనోళ్లెవరూ లేరటే?"

"ఎవరూ లేరు పెద్దమ్మా," అంది వాపనోక్వ వాచిన పెదాలతో. వదిన వైపు చూడనైనా చూడలేదు.

తిట్టినా బాగుండేది నెపీక్వకి. ఆ అబద్ధం మొయ్యలేకపోయింది.

"నేనున్నా," అంది. "లోపలే ఉన్నా. వాడి పార పట్టుకుని ఉన్నా."

ఇల్లు ఆడవాళ్ల అరుపులతో దద్దరిల్లింది.

"నీ చేలో నువ్వే కూలికి పోయావటే! రేపు నీ పొయ్యి నీకే అద్దెకిస్తాడు!"

"పిల్లలు ఏడుస్తుంటే..."

"మా పిల్లలు నవ్వుతున్నారా? ఆ పిల్లల ఏడుపు చూపించేగా వాడు మనల్ని ఒక్కొక్కళ్లనీ కొనేది!"

వాళ్లన్నదాంట్లో తప్పు లేదని నెపీక్వకీ తెలుసు.

గుమ్మం దగ్గర ఒక మగవాడు అందుకున్నాడు. "ఈ గొడవంతా ఎందుకు? మిసిసిపీ దాటిపోదాం. ఎటూ అమ్మేశారంటున్నారు గదా."

"ఏరా, నువ్వు ఏనాడైనా ఒక్క గింజ నాటావా?" మషేనా అతని మీదికి లేచింది. "నాటనోడు అమ్మేదేందిరా? నువ్వు దాటి పో. మాకు చేలో పనుంది."

అప్పుడు వాపనోక్వ నోరు తెరిచింది. "వదిన ఒక్కతే పోయింది కాబట్టి కూలిదైంది. అందరం కలిసి పోదాం. అప్పుడు కూలోళ్లెవరో, ఆసాములెవరో వాడే చెప్తాడు."

తెల్లారి ఊళ్లో పార ఉన్న ప్రతి ఆడదీ కదిలింది. కంచె కర్రలు లాగి కుప్పేశారు. మొక్కజొన్న మధ్య చిక్కుడు గింజలు నాటారు. నెపీక్వతో ఎవరూ మాట్లాడలేదు. అయినా పని చేసింది.

ప్రూయిట్ గుర్రాల దండుని వెంటబెట్టుకొచ్చాడు. దండు అధికారి వంద మంది ఆడవాళ్లని చూసి, మీ మగవాళ్లని పిలవండన్నాడు. వేళాకోళం కాదు, నిజంగానే అన్నాడు. ప్రూయిట్ నెపీక్వని వేలెత్తి చూపించి ఏదో చెప్పాడు. దుబాసీ దాన్ని సాక్ మాటల్లో పెట్టాడు.

"అందరూ నది దాటాల్సిందేనమ్మా. నువ్వు మంచి పనిమనిషివంట. నీ ఒక్కదానికి చోటిస్తాడంట. గుడిసె వేసుకోమంటున్నాడు."

ఆ ఒక్క క్షణం నెపీక్వ మనసు ఔననే అంది. ఎవరికీ వినపడలేదు. ఆమెకి వినపడింది. సిగ్గుతో ఒళ్లు కాలిపోయింది.

"నా చేలో నాకు చోటిస్తాడంటనా?" అని అరిచింది. "ఇన్నాళ్లూ చోటిచ్చింది నేనని చెప్పు! ఇక చాలు, ఎద్దుల్ని తోలుకుని పొమ్మను!"

ముందు మషేనా నవ్వింది. తర్వాత చేను చేనంతా నవ్వింది. తుపాకులున్నవాళ్లు దేన్నైనా ఓర్చుకుంటారు గాని నవ్వుని ఓర్చుకోలేరు. తుపాకి మడమలతో పొడుచుకుంటూ ఊరందర్నీ నదిదాకా తోలారు. నదిలో ఫిరంగి పడవ కాచుకుని ఉంది. పంట చేలోనే ఉండిపోయింది, మనుషులు ఉత్త చేతులతో అవతలి ఒడ్డున పడ్డారు.

ఆ చలికాలం మషేనా ఆకలితో పోయింది. నెపీక్వ పిల్లలు మాత్రం బతికారు. ప్రూయిట్ పోసిన ఆ పిండే వాళ్లని నిలబెట్టిందేమోనని తలుచుకున్నప్పుడల్లా చేతిలో ముద్ద పక్కన పెట్టేసేది. ఈ పాపం తీరేది కాదని ఆమెకి తెలుసు.

మంచు కరగ్గానే, తిరిగి చేలకి పోదామా అని మళ్లీ పంచాయితీ. అటు పోతే చావేనన్నారు కొందరు. "ఇక్కడ మషేనా పెద్దమ్మ బతికిందా?" అంది నెపీక్వ. పడవలు కట్టారు. మగవాళ్ల తుపాకులూ ఎక్కాయి, కాదనను. కాని ప్రతి ఆడదాని ఒళ్లో ఒక విత్తనాల మూట ఉంది.

"జరుగు వదినా," అంటూ వాపనోక్వ ఆమె పక్కన కూలబడింది. ప్రూయిట్ కొట్టిన దెబ్బకి ఒక కన్ను సగమే తెరుచుకుంటుంది. "కాలుస్తారంటావా?"

"కాలుస్తారు. నువ్వు నా వెనక దిగు."

పడవ ఒడ్డు తాకకముందే నెపీక్వ మూట నెత్తిన పెట్టుకుని నీళ్లలోకి దిగింది. సాక్ జనం దండెత్తి వచ్చారని పొడుగు కత్తుల వాళ్లు ఊరూరా చాటారు. నిజమే, వచ్చారు, విత్తే వేళకి వచ్చారు.